కాలువ చివరి వరిచేను

పలాసలో రైలు దిగి తూర్పు దిక్కుగా సముద్రం వైపు సాగిపోయేవారికి మొదట జీడిమామిడి తోటలు, ఆ పిమ్మట కొబ్బరి తోపులు, చివరకు ఇసుక తిన్నెలు ఎదురవుతవి. ఆ తిన్నెల చెంత, వజ్రపుకొత్తూరు మండలంలో, అక్కుపల్లి ఉన్నది. అక్కడి తీరం శివసాగరమనే పేరుతో విహారానికి వచ్చేవారికి పరిచితమైనదే. ఈ సీమకంతటికీ ఉద్దానమని పేరు. ఉద్యానమనే సంస్కృత శబ్దమే జనుల నోట ఉద్దానమైనదని పెద్దలు చెబుతారు. వ్యాకరణం కూడా ఆ మాటకు అడ్డు చెప్పదు. అయితే తోటను చూచి కన్ను తనిసినంత మాత్రాన కడుపు నిండదు. ఉద్దానానికి పడమరగా పలాస, నందిగాం, టెక్కలి ప్రాంతాల పల్లపు పొలాల్లోనూ, తోటల నడుమ అక్కడక్కడ చిక్కిన తడినేలల్లోనూ ఈ సీమవారు వరి పండిస్తారు. ఆ వరికీ, దేశాన్నేలే ప్రభుత్వానికీ నడుమ ఉన్న బాంధవ్యం విచిత్రమైనది.

నేడు ఈ ప్రాంతంలో ఏ సర్కారు బడికి వెళ్లినా మధ్యాహ్నపు గంట మ్రోగగానే పిల్లలు పళ్లాలతో వరుస తీరుతారు. ఆ పళ్లెంలో పడే అన్నం ప్రభుత్వ గిడ్డంగి నుండి వచ్చిన బియ్యంతో వండినది. బడిపిల్లలకు వండిన అన్నం పెట్టితీరవలెనని సర్వోన్నత న్యాయస్థానం 2001లో ఆదేశించిన తరువాత ఏర్పడిన వాడుక ఇది. పిల్లలకు ఇందులో వింత ఏమీ కనిపించదు. కాని ప్రజలకు బియ్యం అందించడం తన పని అని ప్రభుత్వం ఒప్పుకొనడానికి ఎంత కాలం పట్టిందో తెలిసిన ఉపాధ్యాయునికి ఆ పళ్లెం ఒక చరిత్ర పాఠంగా తోచకపోదు.

ఆ పాఠం 1866తో మొదలుపెట్టవచ్చును. అప్పటికి ఈ ప్రాంతం చెన్నపురి రాజధానిలో గంజాం జిల్లాకు చెందినది. అంతకు ముందటి ఏడు వానలు మొగం చాటు చేసినవి. పొరుగున ఒరిస్సాలో కరవు తాండవించింది. గంజాం సీమనూ అది విడిచిపెట్టలేదు. ధర పెరిగితే వర్తకులే బియ్యం తెచ్చి పోస్తారనీ, సర్కారు ఆ వ్యవహారంలో చేయి పెట్టరాదనీ ఆనాటి ఏలికల సిద్ధాంతం. సిద్ధాంతం తప్పని గ్రహించి ఓడలలో బియ్యం తెప్పించే వేళకు నైరుతి ఋతుపవనం వచ్చి పడింది. ఒరిస్సా రేవులలో సరుకు దించడానికి వీలు లేకపోయింది. ఒక్క ఒరిస్సాలోనే సుమారు 10 లక్షల మంది ప్రాణాలు కోల్పోయినారని అంచనా. బియ్యాన్ని కేవలం అంగడి సరుకుగా చూచిన ప్రభుత్వం ఏమి చేయగలదో, ఏమి చేయలేదో ఈ తీరం చూచినంత దగ్గరగా చూచిన తీరాలు తక్కువ.

తరువాతి తరాలవారు అన్నాన్ని వెదకుకొంటూ తామే ఓడ ఎక్కినారు. గోపాలపురం, కళింగపట్నం, భీమునిపట్నం రేవుల నుండి వేల సంఖ్యలో కూలీలు రంగూనుకు తరలిపోయేవారు. అక్కడి రేవులలో మూటలు మోసినవారూ, బియ్యపు మిల్లులలో పని చేసినవారూ పెక్కుమంది తెలుగువారే. బర్మా బియ్యం మన దేశానికి వచ్చేది. ఆ బియ్యాన్ని మరపట్టే చేతులు ఇక్కడి నుండి వెళ్లేవి. 1930లో రంగూను రేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ నడుమ పని విషయమై చెలరేగిన అల్లరులలో మనవారు పలువురు హతులైనారు. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించడంతో ఆ బియ్యమూ ఆగిపోయింది, ఆ పనీ పోయింది. మరుసటి ఏట వంగదేశపు క్షామం లక్షల మందిని పొట్టన పెట్టుకొన్నది. బియ్యాన్ని ఇక అంగడికి వదలిపెట్టరాదన్న తెలివి ఆ చావుల మీదుగా వచ్చినదే.

ఆ క్షామం వెనుకనే, 1946లో, కటకంలో కేంద్ర వరి పరిశోధనా సంస్థ వెలసింది. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరులో వరి పరిశోధనా స్థానం అంతకు ముందే, 1925లోనే, ఏర్పడి ఉన్నది. ఈ రెండు చోట్లకూ చెందిన ఒక కథ పాఠకులు వినదగినది. మన దేశపు వరికీ జపాను వరికీ సంకరం చేసే పని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రోత్సాహంతో 1950ల దశకంలో కటకంలో జరిగింది. ఆ సంకరాలలో ఒకదాని సంతతి మలయాలో పెరిగి, మషూరి అనే పేరుతో మన పొలాలకు తిరిగివచ్చింది. ఆ మషూరిని వశిష్ఠ అనే రకంతో సంకరపరచి మారుటేరు శాస్త్రజ్ఞులు రూపొందించిన వంగడమే 1982లో విడుదలైన స్వర్ణ. ఎం.టి.యు. 7029 అన్నది దాని దస్తావేజు పేరు. గోదావరి ఒడ్డున పుట్టిన స్వర్ణ ఒరిస్సా, వంగ, బీహారు రాష్ట్రాల పల్లపు పొలాలకూ, బంగ్లాదేశ్‌కూ ప్రాకిపోయింది. శ్రీకాకుళం రైతు దానిని తన ఇంటి రకమే అన్నంత చనువుగా సాగు చేశాడు.

స్వర్ణకు ముందటి అధ్యాయం 1965, 1966 సంవత్సరాలది. వరుసగా వానలు తప్పి, అమెరికా గోధుమల ఓడలకు దేశం ఎదురు చూచిన రోజులవి. 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడింది. పంటకు ఇంత ధర ఇవ్వవలెనని సలహా చెప్పే సంఘం కూడా ఆ ఏడే ఏర్పడింది. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1966లో విడుదల చేసిన ఐ.ఆర్. 8 విత్తనాన్ని పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు తన పొలంలో పండించి, ఇతర ప్రాంతాల రైతులకు అందించినారు. శాస్త్రజ్ఞుని మడి నుండి రైతు మడికి విత్తనం దాటడానికి అటువంటి సాహసి ఒకడు ఉండవలసి ఉన్నది. 1983లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం తెచ్చిన తరువాత పేదయింటి పొయ్యి స్వరూపమే మారింది. ఉద్దానంలో చోళ్ల అంబలి, గంటె సంకటి ప్రధానాహారంగా ఉండిన ఇండ్లలో అన్నం నిత్యమైనది. చోళ్లు వెనుకబడడం ఆరోగ్య దృష్టితో లాభమా, నష్టమా అన్నది వేరు చర్చ. తన బిడ్డకు తెల్లని అన్నం పెట్టగలిగిన తల్లికి మాత్రం ఆ చర్చతో పని లేదు.

ఇంతవరకు ప్రభుత్వపు చేయి ఉద్దానం దాకా చాచుకొనే వచ్చింది. విత్తనం సంచిలో ప్రయాణం చేయగలదు. బియ్యం లారీలో రాగలదు. కాని నీటికి కాలువ కావలెను, కాలువకు వాలు కావలెను. చిక్కు అంతా ఇక్కడ ఉన్నది.

వంశధార ఒరిస్సా కొండలలో పుట్టి కళింగపట్నం వద్ద సముద్రంలో కలుస్తున్నది. దాని నీటిని చెరిసగం పంచుకోవలెనని ఉభయ రాష్ట్రాలు 1962లో ఒప్పందం చేసుకొన్నవి. మొత్తం 115 టి.ఎం.సి.లని లెక్క, అందులో సగం మన వాటా. గొట్టా వద్ద బ్యారేజి 1970ల దశకంలో లేచింది. దాని ఎడమ కాలువ సుమారు 105 కిలోమీటర్లు పారి, దాదాపు 1,48,000 ఎకరాలకు నీరు అందించవలెనని ఉద్దేశం. ఆ కాలువ శివారు భూములు పలాస, వజ్రపుకొత్తూరు, నందిగాం ప్రాంతాలవే. శివారు అన్న మాటకు నిఘంటువులో పొలిమేర, కొస అని అర్థాలు దొరుకుతవి. శివారు రైతుకు మాత్రం దాని అర్థం ఒక్కటే: అందరి మడులూ తడిసిన తరువాత మిగిలితే వచ్చే నీరు. ఉభాలు, అంటే ఊడ్పులు, ఎగువన ముగిసే వేళకు ఇక్కడ నారు ముదురుతుంది. నీరు చివరిదాకా రాలేదన్న మొర ఏటా పత్రికలకు ఎక్కుతూనే ఉన్నది. నదీజలాల వివాదం 2010లో ఏర్పడిన న్యాయమండలి ముందు ఏడేళ్లు నడిచి, 2017లో తీర్పు వచ్చింది. నేరడి వద్ద బ్యారేజికి అందులో అనుమతి లభించింది. మరొక వంక, మూత్రపిండాల వ్యాధితో పేరు మోసిన ఉద్దానానికి హిరమండలం జలాశయం నుండి గొట్టాల ద్వారా తాగునీరు తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైనది. అదే నది నీరు బిందెను చేరడం నేర్చుకొన్నది గాని శివారు మడిని చేరడం ఇంకా నేర్చుకోలేదనవచ్చును.

నీరు కరవైన చేనికే ఒక్కొక్క ఏడు నీరు మృత్యువవుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు తీరంలోనే నేలకెక్కింది. తరతరాల కొబ్బరి, జీడి చెట్లు ఒక్క పూటలో కూలిపోయినవి. ఆ విధ్వంసం ముందు వరి నష్టం లోకుల కంటికి ఆనలేదు. పొట్ట దశలోనూ పాలుపోసుకొనే దశలోనూ ఉన్న పైరు నీట మునిగితే గింజ తాలుపోతుందని రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. ఈ విషయంలో శాస్త్రం చేసిన మేలు ఒకటి ఉన్నది. ఒరిస్సాకు చెందిన ధళపుటియా అనే పాతకాలపు వరికి మునకను ఓర్చే గుణం ఉన్నది. దాని నుండి ఎంపిక చేసిన రకంలో ఆ గుణానికి కారణమైన జన్యువును శాస్త్రజ్ఞులు గుర్తించి 2006లో ప్రకటించినారు. దానిని స్వర్ణకు అందించగా పుట్టిన స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైనది. లేత పైరు సుమారు రెండు వారాలు మునిగినా అది తేరుకోగలదు. గోదావరి రకానికి ఒరిస్సా రకం ప్రాణం పోసింది; నీటి పంపకంలో కుదరని స్నేహం విత్తనంలో కుదిరింది. అయితే అది మునకకే మందు; పూతవేళ వీచే గాలికి కాదు.

ఇక ధర మాట. సాధారణ రకం ధాన్యానికి 2025-26 సంవత్సరానికి కేంద్రం క్వింటాలుకు 2,369 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. కాగితం మీద ఆ ధర అక్కుపల్లికీ ఆచంటకూ ఒక్కటే. కాని కొనుగోలు కేంద్రంలో ధాన్యపు తేమ 17 శాతం మించరాదు. డిసెంబరు మంచులో, సముద్రపు గాలిలో, కళ్లంలో ధాన్యం ఆరడం ఎంత కష్టమో కళ్లం కాపున్నవానికే తెలుసు. ఆరే దాకా ఆగితే అప్పులవాడు ఆగడు. పొలం తనది కాని కౌలుదారుకు కాగితాల చిక్కు అదనం. సాగుదారు హక్కు పత్రం ఇచ్చే చట్టం 2019లో వచ్చినా, భూస్వామి సమ్మతి లేనిదే ఆ పత్రం రాదు. అందుచేత పలువురు కళ్లంలోనే దళారికి తూచి ఇచ్చివేస్తారు. ఇది ఉద్దానపు బాధ మాత్రమే అనుకోనక్కరలేదు. కాలువ తలాపున ఉన్న కోనసీమ రైతులే, వరి గిట్టదని, 2011లో వేల ఎకరాలను బీడు పెట్టి పంట విరామం ప్రకటించినారు. తలాపున ఉన్నవారు విరామం ప్రకటిస్తే దేశం విన్నది. కొసన ఉన్నవారి చేలకు నీరు రాక విరామం దానంతట అదే వస్తే వార్త కాదు.

జీడి సంగతి చూస్తే వరి మేలనిపిస్తుంది. జీడిపిక్కలకు కేంద్రపు మద్దతు ధర అనేదే లేదు. పలాస కర్మాగారాలు స్థానిక పిక్కలు చాలక ఆఫ్రికా నుండి కూడా దిగుమతి చేసుకొంటవి. అదే ఆఫ్రికా పడమటి తీరపు దేశాలకు కాకినాడ రేవు నుండి మన బియ్యం ఓడలలో వెళుతున్నది. 2023 జూలైలో తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించి, 2024 సెప్టెంబరులో ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. ఒకనాడు రంగూను బియ్యం కోసం చూచిన దేశం ఈనాడు చేయి బిగిస్తే ఖండాంతరంలో గింజ ధర పెరుగుతున్నది. బెనిన్‌లో జీడిపిక్కలు ఏరి అమ్మి బియ్యం కొనుక్కొనే రైతుకూ, ఉద్దానంలో జీడిపిక్కలు అమ్మి చేనికి ఎరువు కొనే రైతుకూ ఒకరి పేరు ఒకరికి తెలియదు.

వానలు ఆలస్యమైన ఏడు శివారు రైతు నారుమడి గట్టున నిలిచి పడమటి వైపు చూస్తాడు. మబ్బు వచ్చేదీ అటునుండే, కాలువ వచ్చేదీ అటునుండే. తూర్పున కనుచూపు మేర నీరే, కాని అది ఉప్పునీరు. నాట్లకు అదను దాటితే తక్కువ కాలపు రకాన్ని వెదజల్లుదామా, ఈ ఏటికి చేను వదిలివేద్దామా అని ఇంట్లో ఆలోచన సాగుతుంది. ఆ రాత్రి ఆ ఇంట వండే అన్నం మాత్రం చౌకధరల దుకాణపు బియ్యానిదే.