2 వేల ఏళ్ల నాటి గ్యాడ్జెట్ రివ్యూ: బ్యాటరీ లేదు, మాన్యువల్ మాత్రం బాడీ మీదే!

కొత్త ఫోన్ చేతికొస్తే నేను ముందు చూసేది స్పెక్స్. ఈసారి అదే పద్ధతిలో ఓ పాత డివైజ్‌ని చూద్దాం. పేరు యాంటికితెరా మెకానిజం. 1901లో గ్రీస్‌లోని యాంటికితెరా దీవి దగ్గర, మునిగిపోయిన ఓ ఓడలోంచి బయటికొచ్చింది. వయసు సుమారు 2 వేల ఏళ్లు. ఇప్పుడు 82 ముక్కలుగా ఏథెన్స్‌లోని నేషనల్ ఆర్కియాలజికల్ మ్యూజియంలో ఉంది.

డిజైన్, హార్డ్‌వేర్

సైజు ఇంచుమించు షూ బాక్స్ అంత. లోపల కంచు పళ్ల చక్రాలు, మిగిలినవే 30. చేత్తో తిప్పితే చాలు, సూర్యుడు, చంద్రుడు రాశిచక్రంలో ఎక్కడుంటారో ముందున్న డయల్ చూపించేది. చంద్రుడు ఎప్పుడూ ఒకే వేగంతో కదలడు కదా! ఆ తేడా కూడా రావడానికి ఒక చక్రానికి పిన్ను, పక్కదానికి గాడి పెట్టారు.

గ్రహణాల ఫీచర్

ఇదే నాకు బాగా నచ్చింది. ఇందులో 223 పళ్ల చక్రం ఒకటుంది. 223 చాంద్రమాసాలకి, అంటే దాదాపు 18 ఏళ్ల 11 రోజుల 8 గంటలకి, గ్రహణాలు మళ్లీ అదే వరసలో వస్తాయి. దీన్ని కనిపెట్టింది బాబిలోనియా వాళ్లు. తరాల తరబడి ఆకాశాన్ని చూసి మట్టి పలకల మీద రాసుకున్న డేటా అది. మిగిలిపోయే ఆ 8 గంటలు సరిచెయ్యడానికి విడిగా ఓ చిన్న డయల్ కూడా ఉంది. హార్డ్‌వేర్ గ్రీకులది, డేటా బాబిలోన్‌ది అన్నమాట.

మరి ఇదంతా మనకెలా తెలిసింది?

2005లో దాదాపు 8 టన్నుల ఎక్స్‌రే మెషీన్‌ని మ్యూజియంకే తెచ్చి ముక్కల్ని స్కాన్ చేశారు. తుప్పు కింద దాగిన చక్రాలతో పాటు అక్షరాలూ బయటపడ్డాయి. ఏ డయల్ ఏం చూపిస్తుందో పలకల మీదే చెక్కి పెట్టారు.

ఫైనల్ వెర్డిక్ట్

ఇంత సంక్లిష్టమైన పళ్ల చక్రాల యంత్రాలు మళ్లీ కనిపించేది 14వ శతాబ్దపు యూరప్ గడియారాల్లోనే. మధ్యలో ఆ పనితనం చేజారిపోయింది. తెలివి ఉన్నంత మాత్రాన టెక్నాలజీ నిలవదు, దాన్ని తర్వాతివాళ్లకి అందించాలి.

మన ఫోన్ల సంగతేంటి? బ్యాటరీకి జిగురు, యాప్‌కి సర్వర్. సర్వర్ ఆపేస్తే యాప్ ఖాళీ స్క్రీనే. విప్పి చూసినా ఏదెలా పనిచేస్తుందో చెప్పే ముక్క ఉండదు. అందుకే ఇకపై నా రివ్యూల్లో కెమెరా, ప్రాసెసర్‌తో పాటు ఇంకో ప్రశ్న ఉంటుంది: కంపెనీ రిపేర్ మాన్యువల్ ఇస్తోందా, లేదా? ఈ ఒక్క విషయంలో కంచు పెట్టెకి నా మార్కులు పదికి పది.