మీకు తెలుసా? దిగిన ప్రతి టోర్నీలోనూ కప్పు సెల్టిక్‌దే!

1966-67 సీజన్‌లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరపు సెల్టిక్ ఫుట్‌బాల్ క్లబ్ బరిలోకి దిగిన అయిదు టోర్నీలనూ గెలుచుకుంది. స్కాటిష్ లీగ్, స్కాటిష్ కప్, లీగ్ కప్, గ్లాస్గో కప్, అన్నిటికీ మించి యూరోపియన్ కప్! అంతకన్నా అబ్బురమైన సంగతి, యూరోపియన్ కప్ ఫైనల్ ఆడిన పదకొండుమందీ సొంత మైదానానికి సుమారు 50 కిలోమీటర్ల లోపు పుట్టినవాళ్లే.

స్కాట్లాండ్‌లో గట్టి పోటీ లేదు కాబట్టే ఇది సాధ్యమైందని కొందరంటారు. గ్లాస్గో కప్ స్థానిక టోర్నీ అన్న మాట నిజమే. కానీ లీగ్‌లో సెల్టిక్ వెనకే రెండో స్థానంలో నిలిచిన రేంజర్స్ అదే ఏడాది యూరప్‌లోని మరో టోర్నీ, కప్ విన్నర్స్ కప్ ఫైనల్ దాకా వెళ్లింది. అలాంటి జట్టున్న లీగ్‌ను బలహీనమని ఎలా అంటాం? పైగా 1967 మే 25న లిస్బన్‌లో యూరోపియన్ కప్ ఫైనల్‌లో ఎదురైంది 1964, 1965లలో యూరప్ విజేత అయిన ఇంటర్ మిలాన్. ఏడో నిమిషంలోనే ఇంటర్ ఆటగాడు మజోలా పెనాల్టీని గోల్ చేశాడు. ఆధిక్యం దొరికితే గోల్ ముందు కోట కట్టేయడానికి ఆ జట్టు పెట్టింది పేరు. అయినా సెల్టిక్ కోచ్ జాక్ స్టీన్ శిష్యులు దాడి ఆపలేదు. బంతి రెండుసార్లు క్రాస్‌బార్‌కు తగిలి వెనక్కొచ్చింది. 63వ నిమిషంలో గెమెల్ దూరం నుంచి కొట్టిన షాట్‌తో స్కోరు సమమైంది, 84వ నిమిషంలో చామర్స్ గెలుపు గోల్ కొట్టాడు. బ్రిటన్ క్లబ్‌కు యూరోపియన్ కప్ దక్కడం అదే మొదటిసారి.