మితభాషులు సంఘానికి భారం కాదు

ఆరాధన ముగియగానే చుట్టూ చేరి పలకరించేవారు కొందరైతే, మౌనంగా ఇంటిదారి పట్టేవారు మరికొందరు. వీరిని గర్విష్ఠులనో, ఆత్మలో చల్లారినవారనో మనం తొందరపడి అనుకుంటాం. వారూ తమను తామే నిందించుకుంటారు.

స్విస్ మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో అంతర్ముఖ, బహిర్ముఖ స్వభావాలను వివరించారు. అంతర్ముఖులకు మనుషులంటే అయిష్టం కాదు. జనంలో అలసిపోయి, ఏకాంతంలో తేరుకుంటారు. బిడియం వేరు. అది ఎవరేమనుకుంటారోనన్న జంకు. జంకును అభ్యాసంతో దాటవచ్చు. స్వభావాన్ని మార్చుకోనవసరం లేదు.

తాను మాటకారిని కానన్న మోషేను దేవుడు పక్కన పెట్టలేదు, అహరోనును తోడిచ్చాడు. మనమూ మైకు ఇచ్చి బలవంతపెట్టక, రోగి పడక పక్కన కూర్చునే పరిచర్యను వారికి అప్పగిద్దాం.

ప్రియులారా, మీరు మితభాషులైతే సిగ్గుపడకండి. అడ్డు రాకుండా వినేవారు సంఘానికి ఎంతో అవసరం.