మగ్గం నుంచి మోటారు కారు దాకా – టొయోటా పేరు కథ

రోడ్డు మీద టొయోటా బండి కనబడితే మనం దాని ధర గురించో, వేగం గురించో మాట్లాడుకుంటాం. ఆ కంపెనీకి మూలం మాత్రం ఒక కొయ్య మగ్గం. కూలి, చేనేత, వడ్రంగం చేసుకునే ఇళ్ళ నుంచి వచ్చి హాస్టల్లో చదువుకున్న మనందరం తెలుసుకోదగిన చరిత్ర అది.

సకిచి టొయోడా 1867లో జపాన్‌లోని షిజువొకా ప్రాంతంలో ఒక పల్లెటూళ్ళో పుట్టాడు. తండ్రి వ్యవసాయం, వడ్రంగం చేసేవాడు. ప్రాథమిక పాఠశాలతోనే చదువు ఆగిపోయి, సకిచి తండ్రి దగ్గర ఉలి పట్టాడు. మగ్గం మీద ఆడవాళ్ళు పడే శ్రమను తగ్గించాలన్నది అతని పట్టుదల. 1890లో తయారు చేసిన కొయ్య మగ్గానికి మరుసటి ఏడాది పేటెంటు వచ్చింది. అంతవరకు రెండు చేతులతో నేసే బట్టను దాని మీద ఒక్క చేత్తో నేయగలిగారు.

అక్కడితో ఆగలేదు. 1924లో జి-టైపు ఆటోమేటిక్ మగ్గం వచ్చింది. పోగు తెగితే అది తనంతట తానే ఆగిపోయేది. తెగిన పోగుతోనే నేస్తూ పోతే బట్ట పాడవుతుంది కదా! మగ్గమే ఆగిపోతుంటే పక్కన మనిషి కాపలా ఉండనక్కరలేదు. ఒక్కరే చాలా మగ్గాలు చూసుకోవచ్చు. లోపం కనబడగానే పని ఆపి సరిచేసే ఈ పద్ధతిని ‘జిదోకా’ అంటారు. నేటికీ టొయోటా కార్ల ఫ్యాక్టరీలకు ఇదే మూలసూత్రం.

సకిచి కొడుకు కీచిరో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు. 1933లో మగ్గాల కంపెనీలోనే మోటారు విభాగం మొదలుపెట్టాడు. 1935లో ట్రక్కు, 1936లో ‘ఏఏ’ అనే కారు తయారయ్యాయి.

ఇక పేరు సంగతి. ‘టొయోడా’ వాళ్ళ ఇంటిపేరు. సమృద్ధిగా పండే వరిపొలం అని దాని అర్థం. 1936లో కంపెనీ చిహ్నం కోసం పోటీ పెడితే 27 వేల దాకా ఎంట్రీలు వచ్చాయి. గెలిచిన దానిలో ‘టొయోటా’ అని ఉంది. ‘డా’ కన్నా ‘టా’ పలకడానికి స్పష్టంగా ఉందనుకున్నారు. జపాన్ లిపిలో టొయోడాకు పది గీతలైతే, టొయోటాకు ఎనిమిదే. ఎనిమిది వాళ్ళకు శుభసంఖ్య. అన్నిటికన్నా ముఖ్యం, ఇది ఒక కుటుంబం ఆస్తిగా కాక సమాజానికి చెందిన సంస్థగా ఎదగాలనుకోవడం. 1937లో కొత్త పేరుతోనే మోటారు కంపెనీ ఏర్పడింది. 1959లో ఆ ఫ్యాక్టరీ ఉన్న కొరొమో నగరం కూడా టొయోటా నగరమైంది. మన దేశంలో 1997లో బెంగళూరు దగ్గర బిడదిలో కంపెనీ పెట్టి, 2000లో క్వాలిస్‌ను తెచ్చారు.

పేరులో ఒక అక్షరం మారినా మగ్గాన్ని వాళ్ళు దాచిపెట్టలేదు. నగోయాలోని టొయోటా మ్యూజియంలో కార్లతోపాటు మగ్గాలనూ ప్రదర్శిస్తున్నారు. మనలో చాలామందిమి ఇంట్లో మొదటి పట్టభద్రులం. తల్లిదండ్రుల వృత్తి ఏమిటని అడిగితే గొంతు తగ్గించే అవసరం మనకూ లేదు. కొడుకు చదివిన ఇంజనీరింగుకు ముందే తండ్రి చేతిపనిలో ఎంతో విద్య ఉందని ఈ చరిత్ర చెబుతోంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నల చేతిలోని పనిముట్టు ఎలా పనిచేస్తుందో, ఎక్కడ ఇబ్బంది పెడుతుందో అడగండి. మనం చదివే చదువు ఆ ఇబ్బందికి పనికొస్తే అంతకన్నా ఏం కావాలి?