మన వీధి యూత్, పక్క వీధి యూత్

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు జాతీయ రహదారి మీద పోతుంటే ఊరి మొగదలలో ఫ్లెక్సీ కనిపించడం మామూలే. పైన నాయకుడి బొమ్మో హీరో బొమ్మో పెద్దగా ఉంటుంది. కింద తపాలా బిళ్ళలంత ఫోటోల్లో నల్ల కళ్ళద్దాల పిల్లోళ్ళు, అడుగున ఫలానా యూత్ అని ఒక పేరు. ఇలాంటి యూత్‌లలో చాలావాటికి రిజిస్ట్రేషను లేదు, ఆఫీసు లేదు. వీధి చివర అరుగు, ఒక వాట్సాప్ గ్రూపు, వినాయక చవితి చందాల పుస్తకం, ఇవే ఆస్తి.

పనీపాటా లేనోళ్ళని పెద్దలు వీళ్ళను విసుక్కుంటారు. అదే పెద్దలు, రాత్రి పదకొండింటప్పుడు హైవే మీద ఎవరి బైకో పడిపోతే, చేలో ఎవరినో పాము కరిస్తే, 108కి చేసిన వెంటనే రెండో ఫోను వీళ్ళకే చేస్తారు. ఆ వేళప్పుడు ఆటో ఎవరింట్లో ఉందో, నంద్యాల పెద్దాసుపత్రిలో ఏ గుమ్మం దగ్గర ఎవరిని అడగాలో, డబ్బు తక్కువైతే ఎవరు సర్దుతారో వీళ్ళకు నోటికి వచ్చు. ఈ మధ్య ప్రపంచమంతా మాట్లాడుకుంటున్న యువజన నాయకత్వం మన దగ్గర ఈ రూపంలో ఎప్పటినుంచో ఉంది. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2015 డిసెంబరులో 2250వ నంబరు తీర్మానం చేసి, శాంతి నిలబెట్టే పనిలో యువతకు చోటివ్వాలని దేశాలను కోరింది. అరుగు మీది పిల్లోళ్ళకు ఆ సంగతి తెలియకపోయినా ఫోను మాత్రం ఎత్తుతారు.

ఎవరి కోసం ఎత్తుతారన్నది అసలు ప్రశ్న. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఎన్నో రకాల జనం ఉన్నారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే ముస్లింలున్నారు, తెలుగే మాట్లాడే దూదేకులవారున్నారు. సుగాలీ తండాల్లో గోర్ బోలి వినిపిస్తుంది. నల్లమల అంచున చెంచు గూడేలున్నాయి. పీర్ల పండుగ వస్తే చావిడి ముందు గుండం చుట్టూ అన్ని కులాలవాళ్ళూ చేరతారు. మస్తానయ్య, దస్తగిరమ్మ, ఉసేనమ్మ అన్న పేర్లు హిందువుల ఇళ్ళలోనూ పెట్టుకోవడం సీమలో వింతేమీ కాదు. ఇది చూసి మనకు గొడవలేముంటాయని తృప్తి పడటం తేలిక.

ఆ తృప్తికి ఒక హద్దుందని రాజనీతి శాస్త్రవేత్త అశుతోష్ వార్ష్ణే 2002లో వచ్చిన పుస్తకంలో చూపించారు. అలీగఢ్–కాలికట్, హైదరాబాద్–లక్నో, అహ్మదాబాద్–సూరత్ అని ఆరు నగరాలను జతలు జతలుగా పక్కపక్కన పెట్టి, హిందూ ముస్లిం గొడవలు ఒకచోట ఎందుకు రగులుతాయి, ఇంకోచోట ఎందుకు చల్లారిపోతాయి అని వెతికారు. ఇరుగుపొరుగు పలకరింపులు, పండక్కి సేమ్యా పాయసం ఇచ్చిపుచ్చుకోవడాలు పల్లెలో సరిపోవచ్చు. పట్నంలో పుకారు లేచిన రాత్రి అవి చాలవు. రెండు మతాలవాళ్ళూ సభ్యులుగా ఉండే సంఘాలు కావాలి: వర్తక సంఘం, కార్మిక సంఘం, పాఠక క్లబ్బు లాంటివి. కలిసి నడిచే సంఘంలో ఒకరితో ఒకరికి పని ఉంటుంది కాబట్టి, ఎవరికి ఫోను చేసి నిజమేంటో కనుక్కోవాలో తెలుస్తుంది. రెండు లక్షల జనాభా దాటిన నంద్యాల ఇక పల్లె లెక్కలోకి రాదు. మన యూత్‌లు మాత్రం చాలావరకు ఇంకా వీధివారీగా, అంటే నిజానికి కులంవారీగా, మతంవారీగానే ఉన్నాయి.

క్రికెట్ ఆడిస్తే కలిసిపోతారు కదా అనేవాళ్ళున్నారు. దీనికి ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి గట్టి జవాబు ఉంది. మాట్ లో అనే ఆర్థికవేత్త అక్కడ 1,261 మంది యువకులతో ఒక పరిశోధన చేశారు. కొందరిని వేర్వేరు కులాలు కలిసిన జట్లలో, కొందరిని ఒకే కులం జట్లలో వేసి లీగు ఆడించారు. ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. ఒకే జట్టులో ఆడిన వేరే కులంవాళ్ళతో స్నేహాలు పెరిగాయి. ఎదుటి జట్టులో వేరే కులంవాళ్ళను ఎదుర్కొన్నచోట మాత్రం మేలు జరగలేదు, దూరమే పెరిగింది. ఇక మన సంక్రాంతి టోర్నమెంట్లను తలుచుకోండి. ఆ వీధి జట్టుకూ ఈ వీధి జట్టుకూ ఫైనల్ పెట్టి, కప్పు నాయకుడి చేతుల మీదుగా ఇప్పిస్తాం. అందరూ ఒకే మైదానంలోకి వచ్చారని మురిసిపోతాం. జట్లను చీటీలు తీసి కలిపే నిర్వాహకుడే దొరికితే, ఆ ఒక్క మార్పు పది ఐక్యతా ర్యాలీలకన్నా ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

చీటీలు తీయకుండానే కలిపేసే పని ఒకటుంది, రక్తదానం. తెలుగునాట దీన్ని యువకుల సంఘాలకు అలవాటు చేసిన ఘనత అభిమాన సంఘాలకు దక్కాలి. చిరంజీవి 1998 అక్టోబరు 2న ట్రస్టు పెట్టి బ్లడ్ బ్యాంకు తెరిచాక, హీరో పుట్టినరోజుకు పాలాభిషేకంతో పాటు రక్తదాన శిబిరం కూడా ఆనవాయితీ అయింది. అయితే శిబిరానికి ఒక లోపముంది. ఎర్ర రక్తకణాలు ఫ్రిజ్‌లో అయిదారు వారాలకు మించి నిలవవు, ప్లేట్‌లెట్లకైతే అయిదు రోజులే గడువు. తలసేమియా బిడ్డకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. పుట్టినరోజు నాడు రెండు వందల మంది వరస కట్టి, తర్వాత మూడు నెలలు ఎవరూ రాకపోతే ఆ బిడ్డకు ఒరిగేదేమీ లేదు.

కాబట్టి పనికొచ్చేది జాబితా. ఎవరిది ఏ గ్రూపు, ఆఖరుసారి ఎప్పుడు ఇచ్చారు, మగవారైతే మూడు నెలలు, ఆడవారైతే నాలుగు నెలలు గడిచాయా అని రాసిపెట్టే నోటుబుక్కు. ఆ బుక్కు ఉన్నవాడే నిజమైన నాయకుడు, ఫ్లెక్సీలో అతని ఫోటో ఉన్నా లేకపోయినా. ఒకే వీధి పేర్లున్న జాబితా ఏడాది పొడుగునా నిలబడదు. రంజాన్ నెలలో పగలు ఉపవాసమున్నవాళ్ళను పిలవలేం. సంక్రాంతికి మరికొందరు ఊళ్ళకు పోతారు. అన్ని వీధుల పేర్లూ కలిసిన బుక్కులో ఒకరు లేనప్పుడు ఇంకొకరు దొరుకుతారు. మతసామరస్యం మీద ఉపన్యాసం లేకుండానే నోటుబుక్కు కలగాపులగం అవుతుంది.

నల్లమల వైపు వెళ్తే నాయకత్వం ఇంకో దారిలో పుడుతుంది. ఆళ్లగడ్డ పక్కనే ఉన్న అహోబిలంలో చెంచులక్ష్మి నరసింహస్వామి దేవేరి. కనుమ నాడు స్వామి పారువేటకు బయల్దేరి నలభై రోజులకు పైగా ఊళ్ళు తిరుగుతాడు, చెంచులకు ఆ వేడుకలో ప్రత్యేక మర్యాద. పండగ దాటాక వాళ్ళకు కావలసింది అడవి భూమికి హక్కు కాగితం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచే ఆ భూమిని సాగు చేసుకుంటూ ఉన్నట్టు చూపాలి. రికార్డు లేనప్పుడు ఊరి పెద్దల వాంగ్మూలాన్ని రాయించి సాక్ష్యంగా పెట్టవచ్చని నియమాలు చెబుతున్నాయి. గుర్తున్నది ముసలాయనకు, రాయగలిగేది ఆశ్రమ పాఠశాలలో చదివిన మనవడికి. ఒకరు లేకుండా ఇంకొకరి వల్ల దరఖాస్తు కదలదు. పెద్దల్ని పక్కకు నెట్టి యువత ముందుకు రావాలనే నినాదం పట్నంలో బాగుంటుందేమో, గూడెంలో దానికి అర్థం లేదు.

ఆళ్లగడ్డ గురించి రాస్తూ ఫ్యాక్షన్ మాట ఎత్తకపోతే దాచినట్టు అవుతుంది. సినిమాలు అతిగా చూపించాయి, నిజమే. కానీ ఒకప్పుడు పల్లెల్లో వయసు పిల్లోళ్ళ గుంపంటే ఎవరో ఒక పెద్దింటికి అండ. ఇప్పుడు కత్తులు పోయి ఫ్లెక్సీలు వచ్చాయి గానీ, ఖర్చు పెట్టేది పార్టీ నాయకుడైతే పిల్లోళ్ళు ఇప్పటికీ ఆయన మనుషులే. దీనికి చట్టంలో ఒక చిన్న ఉపాయముంది. 2001 నాటి ఏపీ సొసైటీల రిజిస్ట్రేషను చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. సొంత బ్యాంకు ఖాతా, ఏటా లెక్కలు, ఏటా కొత్త కార్యదర్శి వస్తే లడ్డూ వేలం డబ్బు ఎటు పోయిందని ఎవరైనా అడగగలరు.

ఇంతసేపూ మగపిల్లల గురించే చెప్పుకొచ్చాను, ఎందుకంటే అరుగు వాళ్ళదే. ఆడపిల్లలకు వీధిలో కూర్చునే చోటు లేదు. వాళ్ళ బంధాలు కస్తూర్బా హాస్టళ్ళలో, కాలేజీ బస్సుల్లో అల్లుకుంటాయి. చడీచప్పుడు లేకుండా పెళ్ళి కుదిర్చేస్తుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలా వద్దా అన్నది ముందు తేల్చుకునేది బస్సులో పక్కసీటు పిల్లతోనే. 2014లో మొదలైన జాతీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం ఈ సంగతి గ్రహించే, ఊరికి ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలను తోటివారికి ఆరోగ్య విషయాలు చెప్పడానికి ఎంచుకోమంది. రక్తం నోటుబుక్కులో అమ్మాయిల పేర్లు ఎందుకు తక్కువో కూడా వీళ్ళకే ముందు అర్థమవుతుంది. దాతకు హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, రాష్ట్రంలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం ఐరన్ మాత్రను నిజంగా మింగావా, సంచిలో వేసుకున్నావా అని ఆశా కార్యకర్త అడిగితే చాలామంది మింగామనే అంటారు. తోటి పిల్ల అడిగితే నిజం చెప్పేస్తారు.