యుద్ధం గుర్తుంది, దాని వెనకున్న ఎనిమిదేళ్లు గుర్తులేవు

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు ప్రాణాలర్పించారు. వారిలో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు ఒకరు. తెలుగు నేల కన్నీరు పెట్టింది. గల్వాన్ అన్న పేరు మనలో చాలామంది మొదటిసారి విన్నది అప్పుడే. కానీ 1962 జులైలోనే ఆ పేరు పత్రికలకెక్కింది. ఆ లోయలో మన గూర్ఖా జవాన్లు కొత్తగా పెట్టిన పోస్టును చైనా సైన్యం చుట్టుముట్టింది. నేలదారి మూసుకుపోయి, హెలికాప్టర్లతో సరుకులు అందించాల్సి వచ్చింది. అక్టోబర్ 20న యుద్ధం మొదలైన రోజునే ఆ పోస్టు పడిపోయింది.

1962 అనగానే మన ఇళ్లలో చెప్పుకునేది ఒక్కటే: భాయీ భాయీ అంటూనే చైనా వెన్నుపోటు పొడిచింది. ఆ దాడి అన్నీ సిద్ధం చేసుకుని చేసిందే, అనుమానం లేదు. అయితే రెండు దేశాల పంచశీల ఒప్పందానికీ ఆ దాడికీ మధ్య ఎనిమిదేళ్లున్నాయి. అప్పుడేం జరిగిందో చెప్పగలిగేవాళ్లు ఎందరు?

1954 ఏప్రిల్‌లో కుదిరిన ఆ ఒప్పందం టిబెట్‌తో వ్యాపారానికి సంబంధించింది. సరిహద్దు గీత ఎక్కడన్నది అందులో తేల్చలేదు. అదే ఏడాది జులై 1న నెహ్రూ ఒక నోట్ రాశారు. అంతకుముందు సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో లద్దాఖ్ తూర్పు హద్దు ‘నిర్ణయం కాలేదు’ అని ఉండేది. ఇకపై ఖచ్చితమైన గీత గీయాలని, దానిపై ఎవరితోనూ చర్చ ఉండదని ఆ నోట్ సారాంశం. గీత బడిపిల్లల అట్లాసుల్లోకి వచ్చింది. నోట్ ఫైల్లోనే ఉండిపోయింది.

పటాల కథ అంతకన్నా పాతది. 1914లో సిమ్లాలో తూర్పు సరిహద్దుకు గీసిన మెక్‌మహన్ రేఖను బ్రిటిష్‌వాళ్లే రెండు దశాబ్దాలు పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత అవసరం పడింది. 1929లో అచ్చయిన ఒప్పందాల సంపుటిలో సిమ్లా పత్రాలు లేవు. 1938లో వాటిని చేర్చి కొత్త సంపుటి అచ్చువేశారు. ముద్రణ సంవత్సరం మాత్రం పాతదే, 1929 అని వేశారు! గ్రంథాలయాల నుంచి అసలు ప్రతులను వెనక్కి రప్పించారు. ఒకటి హార్వర్డ్ లైబ్రరీలో మిగిలిపోబట్టి 1963లో సంగతి బయటపడింది. మనకు తెలియకపోవడం వెనక ఇలాంటి పనులూ ఉన్నాయి.

1957లో లద్దాఖ్ తూర్పు అంచున ఉన్న అక్సాయ్ చిన్ మీదుగా చైనా రోడ్డు పూర్తిచేసింది. మరుసటి ఏడాది మన ప్రభుత్వం నిరసన పత్రం పంపింది, గుట్టుగా. ఆ రోడ్డు సంగతి నెహ్రూ పార్లమెంటుకు చెప్పింది 1959 ఆగస్టు చివర్లో! ఆ అక్టోబర్ 21న లద్దాఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ దగ్గర చైనా కాల్పుల్లో పదిమంది పోలీసులు చనిపోయారు. ఏటా అదే తేదీన మన జిల్లా కేంద్రాల్లో పోలీసు అమరవీరుల దినం జరుపుతారు. నివాళులు అర్పిస్తాం. ఆ తేదీయే ఎందుకని అడిగేవారు అరుదు.

అంతవరకు ఏమీ తెలియని జనానికి అన్నీ ఒక్కసారే తెలిశాయి. దేశం భగ్గుమంది. 1960 ఏప్రిల్‌లో చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఢిల్లీ వచ్చి, తూర్పున మీ మాట ఒప్పుకుంటాం, పడమట మా మాట ఒప్పుకోండి అన్నట్టు సూచించారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ కుమారుడు, చరిత్రకారుడు గోపాల్ అప్పటికే లండన్‌లో పాత రికార్డులు తిరగేసి, అక్సాయ్ చిన్‌పై మన వాదనే బలమైనదని నెహ్రూకు చెప్పారు. ఆ బేరం ఒప్పుకోవాల్సిందా కాదా అన్నది వేరే చర్చ. ఒప్పుకుందామనుకున్నా నెహ్రూకు దారి లేదన్నది నా అభిప్రాయం. ముందునుంచీ జనానికి విషయం చెప్పివుంటే ఆయనకు మాట్లాడే చోటు మిగిలేది. మరుసటి ఏడాది ‘ఫార్వర్డ్ పాలసీ’ పేరుతో చలిబట్టలు, తుపాకులు చాలని జవాన్లను వివాద ప్రాంతంలో పోస్టులు పెట్టడానికి ముందుకు పంపారు. యుద్ధం వచ్చాక దేశమంతటా మహిళలు ఒంటిమీది బంగారం తీసి రక్షణ నిధికిచ్చారు. 1954 నోట్ గురించి ఆ తల్లులకు ఎవరు చెప్పారు? రాష్ట్రపతిగా ఉన్న రాధాకృష్ణన్ సైతం ప్రభుత్వ నిర్లక్ష్యాన్ని, గుడ్డినమ్మకాన్ని తప్పుపట్టారు.

ఓటమిపై లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ 1963లో నివేదిక ఇచ్చారు. అందులోని విషయాలు నేటికీ సున్నితమైనవంటూ 2010లో రక్షణమంత్రి పార్లమెంటుకు చెప్పారు. 2014లో ఒక విదేశీ పాత్రికేయుడు కొంతభాగం ఇంటర్నెట్‌లో పెడితేగానీ మనం చూడలేకపోయాం. ఏ పార్టీ అధికారంలో ఉన్నా తీరు ఒక్కటే. సరిహద్దుకు బిడ్డల్ని పంపే తల్లిదండ్రులకు దాన్ని పూర్తిగా చదివే హక్కుంది. కేంద్రం ఆ నివేదికను అధికారికంగా విడుదల చేయాలి. మన ఎంపీలు పార్లమెంటులో ఆ మాట అడగాలి.