మేరీ లూ ఇంటి తలుపు

మనింట్లో పిల్లకి సంగీతం చెప్పించాలంటే ఏం చేస్తాం? మాస్టారిని కుదుర్చుకుంటాం. ఆయన వారానికి రెండు రోజులు వచ్చి సరళీస్వరాలతో మొదలుపెడతారు, నోటుబుక్కులో రాసిస్తారు, పిల్ల వల్లెవేస్తుంది. అమెరికాలో నల్లజాతివారు సృష్టించిన జాజ్ సంగీతానికి మొదట్లో ఇలాంటి బడీ లేదు, పాఠమూ లేదు. ఒక బాణీ తీసుకుని, అప్పటికప్పుడు సొంతంగా అల్లుకుంటూ పోవడమే అందులో ప్రాణం. మన కచేరీల్లో మనోధర్మం అంటామే, దానికి దగ్గరి చుట్టమన్నమాట. మరి దాన్ని ఎవరు ఎవరికి నేర్పారు? క్లబ్బుల్లో, బ్యాండుల్లో పెద్దవాళ్ల పక్కన నిలబడి చిన్నవాళ్లు నేర్చుకున్నారని చెబుతారు. అది నిజమే. కాని ఆ చదువులో కొంత న్యూయార్కులో ఒక ఇంట్లో జరిగింది. ఆ ఇంటావిడ పేరు మేరీ లూ విలియమ్స్.

ఆవిడ 1910లో అట్లాంటాలో పుట్టి, పిట్స్‌బర్గ్‌లో పెరిగింది. తల్లి ఆర్గన్ వాయించేది. పసిపిల్లను ఒళ్లో కూర్చోపెట్టుకుని వాయిస్తూంటే, తల్లి చెయ్యి తియ్యడమేమిటి, ఆ పిల్ల అదే బాణీ తిరిగి పలికించిందట! తల్లి హడలిపోయి ఇరుగుపొరుగుల్ని పిలుచుకొచ్చింది. అయినా ఆవిడ కూతురికి మాస్టారిని మాత్రం పెట్టలేదు. ఎందుకంటారా? తను చిన్నప్పుడు మాస్టారి దగ్గర కాగితం చూసి వాయించడం నేర్చుకుంది. ఆ తరవాత కాగితం లేకపోతే చెయ్యి ఆడేది కాదు. కూతురికి ఆ గతి పట్టకూడదనుకుంది. దానికి బదులు, ఊళ్లో వాయించే వాళ్లని ఇంటికి పిలిచి పిల్ల ఎదుట వాయింపించేది. ఆ తల్లి తెలివికి నాకు ఎంతో ముచ్చటేస్తుంది.

మేరీ చిన్నతనంలోనే పిట్స్‌బర్గ్ థియేటర్లో లవీ ఆస్టిన్ అనే పియానిస్టుని చూసింది. ఆవిడ కాలు మీద కాలు వేసుకుని, నోట్లో సిగరెట్టుతో, ఎడమ చేత్తో పియానో వాయిస్తూ, కుడి చేత్తో తరవాతి అంకానికి కావలసిన సంగీతం రాసేస్తోందట. (సిగరెట్టు సంగతి మనకొద్దు లెండి.) ఆ ఒక్క దృశ్యం చాలు, ఆడది బ్యాండుని నడపగలదని పిల్లకు తెలిసిపోయింది. కాన్సాస్ సిటీలో ఆండీ కర్క్ బ్యాండులో ఉన్నప్పుడు మేరీ మనసులో బాణీలు పుట్టేవి గాని, వాటిని రాయడం వచ్చేది కాదు. ఆవిడ వాయించి చూపిస్తే కర్క్ కాగితం మీద పెట్టేవాడు. అలా పక్కన కూర్చుని చూసి చూసి తనే నేర్చుకుంది. తరవాత బెనీ గుడ్‌మన్‌కీ, డ్యూక్ ఎలింగ్టన్‌కీ రాసిచ్చే స్థాయికి ఎదిగింది.

1940ల్లో ఆవిడ న్యూయార్కులో, హార్లెమ్‌లోని హామిల్టన్ టెర్రస్ అనే వీధిలో కాపురముంది. రాత్రి కెఫే సొసైటీ క్లబ్బులో వాయించి తెల్లవారుజామున ఇల్లు చేరేది. క్లబ్బులన్నీ కట్టేశాక కుర్రాళ్లంతా ఆ ఇంటికే వచ్చేవారు. థెలోనియస్ మంక్, బడ్ పవెల్, టాడ్ డామెరన్, డిజ్జీ గిలెస్పీ. తరవాత వీళ్లంతా మహామహులయ్యారు. అప్పటికి మాత్రం, వీళ్లు వాయించే బీబాప్ అనే కొత్త పద్ధతి చాలామంది పెద్దలకు నచ్చేది కాదు. కాబ్ కాలోవే అయితే తన బ్యాండులోనే ఉన్న గిలెస్పీ వాయింపుని చీనా సంగీతమని ఈసడించాడు.

మేరీ లూ ఈసడించలేదు. తను బయటికి వెళ్లినా వాళ్లకోసం తలుపు తెరిచి ఉంచేది. ఏమీ తోచనప్పుడు డామెరన్ అక్కడికే వచ్చి రాసుకునేవాడు. మంక్ తన బాణీలు కొన్ని అక్కడే కట్టాడు. బడ్ పవెల్ తమ్ముడు రిచీ సొంతంగా అల్లి వాయించడం ఆ ఇంట్లోనే నేర్చుకున్నాడు. ఎవరేం రాసినా ముందు ఆవిడకు వినిపించి, ‘ఎలా ఉంది?’ అని అడిగేవారు.

ఇందులో పాఠం అనదగ్గదేముంది అంటారేమో. వినడమే పాఠం. తనకంటే చిన్నవాడు వాయించేదాన్ని మనసు పెట్టి విని, ఎక్కడ తేలిపోయిందో చెప్పగలగాలి. పైగా ఆవిడ వాళ్ల దగ్గర తనూ నేర్చుకుంది. తన వాయింపులో ఆ కొత్త స్వరసమ్మేళనాలు చేర్చుకుంది. మింటన్స్ క్లబ్బులో జరిగినదాన్ని చరిత్రగా రాశారు. ఇంట్లో జరిగింది గనక దీన్ని చాలాకాలం అతిథిమర్యాద కిందే జమకట్టారు. మన ఇళ్లల్లో ఆడవాళ్లు చెప్పే చదువుకీ ఇదే లెక్క కదూ?

ఇలా మనుషుల్ని దగ్గరకు తీసిన వాళ్లకి దెబ్బలూ గట్టిగానే తగులుతాయి. 1945లో బడ్ పవెల్‌ని పోలీసులు తలమీద కొట్టారు. ఆపైన అతను మానసిక చికిత్సాలయాల చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. 1954లో పారిస్‌లో ఉండగా మేరీ లూ పియానో వదిలేసింది. ఆ మరుసటి ఏడు చార్లీ పార్కర్ 34 ఏళ్లకే పోయాడు. ఆవిడ ప్రార్థనల్లో, దిక్కులేని సంగీతకారులకు సాయం చెయ్యడంలో పడిపోయింది. జబ్బుపడ్డవాళ్లని తెచ్చి తన ఇంట్లోనే ఉంచుకునేది. ఇక వాయించనే వాయించదనుకున్నారు.

అప్పుడు వెంటపడిన వాళ్లలో డిజ్జీ గిలెస్పీ ఒకడు. ఒకప్పుడు తన రాతలు పట్టుకొచ్చి అభిప్రాయం అడిగిన ఆ కుర్రాడే 1957లో న్యూపోర్ట్ ఉత్సవంలో తన పెద్ద బ్యాండు మధ్య ఆవిడను కూర్చోపెట్టాడు. ఆవిడ అక్కడ వాయించింది 1945లో తను కట్టిన జోడియాక్ సూట్‌లోని భాగాలే.

1977లో డ్యూక్ విశ్వవిద్యాలయం పిలిచి పాఠాలు చెప్పమంది. ఆవిడ జాజ్ చరిత్రను ఒక చెట్టు బొమ్మగా వేయించి చూపించేది. ఆ చెట్టు వేళ్ల దగ్గర రాసి ఉన్న మాట ‘బాధ’. 1981లో పోయేదాకా అక్కడే చెప్పింది. తన ఆస్తిలో చాలా భాగం తన పేరిట పెట్టిన సంస్థకు రాసిచ్చింది. ఆ డబ్బు దేనికంటే, ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలు చెయ్యి తిరిగిన జాజ్ విద్వాంసుల పక్కన కూర్చుని నేర్చుకోవడానికి.